నోరున్న షెఫ్ పక్షాన

(హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థుల ముందు వారి కిచెన్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే, మైక్ కొంచెం దగ్గరికి జరుపుకుంటాను.

టీవీ వంటల పోటీల గురించి మాట్లాడమని ప్రిన్సిపల్ గారు అడిగారు. అన్ని పోటీల గురించీ చెప్పాలంటే ఈ పూట చాలదు. అందుకని ఒక్క మనిషి గురించి చెప్తాను. ఆమె పేరు టిఫనీ ఫైసన్. అమెరికన్ షెఫ్. 2006లో ‘టాప్ షెఫ్’ మొదటి సీజన్లో ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయింది. మీలో చాలామంది అప్పటికి పుట్టారో లేదో. ఆమె గెలవాలని నేను అప్పుడు గట్టిగా కోరుకున్నాను. ఆ తర్వాత కూడా ఆమె ఎక్కడ పోటీలో నిలబడ్డా నా మనసు ఆమె వైపే ఉంది. ఎందుకో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు షో సంగతి. బ్రావో అనే ఛానల్లో 2006 మార్చిలో మొదలైంది. మొదటి సీజన్ శాన్ ఫ్రాన్సిస్కోలో తీశారు. పోటీదారులు 12 మంది, గెలిచినవాళ్లకి లక్ష డాలర్లు. ప్రతి ఎపిసోడ్‌లో ముందు క్విక్‌ఫైర్ అని ఒక చిన్న పరీక్ష పెడతారు. తర్వాత ఎలిమినేషన్ ఛాలెంజ్. అందులో అందరికంటే వెనకబడినవాళ్లు కత్తులు సర్దుకుని ఇంటికి వెళ్లిపోవాలి. ప్రధాన జడ్జి టామ్ కొలికియో, న్యూయార్క్‌లో ‘క్రాఫ్ట్’ రెస్టారెంట్‌తో పేరు తెచ్చుకున్న షెఫ్. ఆయన పక్కన ‘ఫుడ్ అండ్ వైన్’ పత్రిక నుంచి వచ్చిన గెయిల్ సిమన్స్. మన మద్రాసులో పుట్టిన పద్మా లక్ష్మి రెండో సీజన్ నుంచి హోస్ట్‌గా వచ్చి 20వ సీజన్ దాకా, అంటే 2023 దాకా ఉన్నారు.

మొట్టమొదటి పరీక్ష ఏంటో తెలుసా? హ్యూబర్ట్ కెల్లర్ అనే ఫ్రెంచ్ షెఫ్ గారి ‘ఫ్లర్ ద లీస్’ కిచెన్‌లోకి పంపించి లైన్‌లో, అంటే పొయ్యిల వరసలో, పని చేయమన్నారు. ఒక పోటీదారు సాస్‌లో వేలు ముంచి రుచి చూశాడు. కెల్లర్ గారు ఆయన్ని అక్కడికక్కడే లైన్ నుంచి పంపేశారు. ఆ ఎపిసోడ్ అయ్యేసరికి షోలోంచి వెళ్లింది కూడా ఆయనే. ప్రాక్టికల్ క్లాసులో టేస్టింగ్ స్పూన్ కోసం నేను ఎందుకంత గోల చేస్తానో ఇప్పుడు అర్థమైందా?

సరే, టిఫనీ దగ్గరికి వద్దాం. ఆమె గెలవడానికే వచ్చింది, ఆ మాట ఎక్కడా దాచుకోలేదు. తన ప్లేటు బాగుంటే బాగుందని చెప్పేది. పక్కవాళ్ల ప్లేటులో లోపం కనిపిస్తే అదీ చెప్పేది. టీమ్‌గా వండాల్సి వస్తే ఎవరు ఏం చేయాలో తనే చెప్పేది, కొన్నిసార్లు కటువుగానే. నవ్వి మాట తేలిక చేయడం, ‘ఏదో నాకు తోచింది చేశానండీ’ అని తగ్గిపోవడం ఆమెకి రాదు. సీజన్ సగానికి వచ్చేసరికి ఆమె షోలో విలన్ అయిపోయింది. తోటి పోటీదారు ఒకాయన ఒక దశలో ఆమె మీద విసుగొచ్చి ఆడవాళ్లని తిట్టే ఒక బూతుమాట ముఖం మీదే అన్నాడు. ఆ సీజన్లో జనం అందరికంటే ఎక్కువగా గుర్తుపెట్టుకున్న డైలాగ్ అదే. ఆ వారం ఎవరు ఏం వండారో చాలామందికి గుర్తులేదు. ఆ తిట్టు మాత్రం గుర్తుంది. నాకు బాధ కలిగించింది అది.

ఇలాంటి షోలు ఎలా తయారవుతాయో మీకు తెలియాలి, ఎందుకంటే మీలో కొందరు రేపు కెమెరా ముందుకి వెళ్తారు. పోటీ జరుగుతున్నప్పుడు చాలా కెమెరాలు నడుస్తుంటాయి. గంటలు గంటలు తీసినదాన్ని ముప్పావుగంటకి కుదిస్తారు. మధ్యలో ఒక్కొక్క పోటీదారు కుర్చీలో కూర్చుని కెమెరాతో మాట్లాడుతుంటారు చూడండి, అది వంట జరుగుతుండగా తీసింది కాదు. తర్వాత విడిగా కూర్చోబెట్టి, ప్రశ్నలు అడిగి, జవాబులు తీసుకుంటారు. ‘ఫలానావాళ్ల వంట గురించి మీరేం అనుకుంటున్నారు?’ అని అడిగితే మొహమాటస్థుడు ‘బాగానే ఉంది’ అంటాడు. ఆ ముక్క ఎడిటింగ్ గదిలోనే ఉండిపోతుంది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ‘సాస్ చిక్కబడలేదు, చేప ఎండిపోయింది’ అంటుంది. ఆ ముక్క టీవీలోకి వస్తుంది. అడిగిన ప్రశ్న మాత్రం మనకి వినిపించదు. ఆమె ఊరికే ఎవరి మీదో పడి ఏడుస్తున్నట్టు కనిపిస్తుంది. టిఫనీ కటువుగా లేదని నేను అనడం లేదు, ఉంది. కానీ మనిషిలో ఉన్న ఒక్క ముక్కనే మళ్లీ మళ్లీ చూపిస్తే ఎవరైనా విలనే అవుతారు.

ఇక్కడ మనం వృత్తి గురించి ఆలోచించాలి. కిచెన్‌లో నోరు లేకపోతే పని నడవదు. సర్వీస్ టైమ్‌లో పాస్ దగ్గర, అంటే వండిన ప్లేట్లు బయటికి అందించే బల్ల దగ్గర, ఏం జరుగుతుంది? టికెట్, అంటే ఆర్డర్ చీటీ, వస్తుంది. షెఫ్ గట్టిగా చదువుతాడు. ఆరు నంబర్ టేబుల్‌కి రెండు చేపలు, ఒక ల్యాంబ్. ల్యాంబ్‌కి పన్నెండు నిమిషాలు పడుతుంది, చేపకి ఐదు. చేప స్టేషన్‌లో ఉన్న అమ్మాయి ‘ఇప్పుడే పెట్టను, ల్యాంబ్ ఎంతలో ఉందో చెప్పండి’ అని అరిచి అడగాలి. మొహమాటపడి చేప పెట్టేస్తే ల్యాంబ్ వచ్చేలోపు అది హాట్ ల్యాంప్ కింద ఎండిపోతుంది. వేడి పెనం పట్టుకుని వెనక నుంచి వెళ్తుంటే గట్టిగా ‘బిహైండ్, హాట్’ అనాలి. ఉప్పు తక్కువైందని తెలిస్తే, ఎదురుగా ఉన్నది కిచెన్ మొత్తానికి పెద్దైన ఎగ్జిక్యూటివ్ షెఫ్ అయినా సరే, ‘సర్, ఉప్పు తక్కువైంది’ అనాలి. ఇవన్నీ వినయం లేకపోవడం కిందకి వస్తాయా? వచ్చేటట్లయితే మన సిలబస్‌లో సగం తీసేయాలి.

మన హోటళ్లలో అమ్మాయి కిచెన్‌లో చేరితే ముందు బేకరీకో, సలాడ్ల లాంటివి చేసే కోల్డ్ కిచెన్‌కో పంపుతారు. తందూర్ దగ్గరా, కర్రీ సెక్షన్‌లోనూ ఇప్పటికీ అమ్మాయిలు చాలా తక్కువ. నేను పనిచేసిన ఒకచోట కమీగా, అంటే కిచెన్‌లో కింది మెట్టు షెఫ్‌గా, చేరిన అమ్మాయి ఒకతె దమ్ బిర్యానీ హండీ దగ్గర నిలబడి ‘ఇది ఇంకా తీయకూడదు, అడుగున తడి ఉంది’ అంది. మైదా ముద్దతో సీలు వేసిన మూత, పైన బొగ్గులు. ఆమె మూత తీయలేదు. అంచు దగ్గర చెవి పెట్టి వింది, హండీ పక్కన అరచేయి పెట్టి వేడి చూసింది. సీనియర్ ఒకాయన ‘నిన్న వచ్చి మాకు చెప్తోంది’ అని మూత తీసేశాడు. అడుగు అన్నం ముద్దగా ఉంది. ఆ పూట ఆ హండీ స్టాఫ్ భోజనానికి పోయింది. మరుసటి వారం నుంచి ఆ అమ్మాయికి పేస్ట్రీలో డ్యూటీ వేశారు. ఆమె చెప్పింది తప్పని ఎవరూ అనలేదు. చెప్పిన తీరు బాగోలేదన్నారు.

మనవాళ్లకి వంటలో నిబ్బరంగా మాట్లాడేవాళ్లంటే పడదా అంటే, అదేం లేదు. విరాటపర్వం గుర్తుచేసుకోండి. భీముడు గరిట పట్టుకుని విరాటరాజు కొలువుకి వస్తాడు. ధర్మరాజు దగ్గర వంట చేసినవాణ్ణి, పాకశాస్త్రంలో ఆరితేరినవాణ్ణి, మల్లయుద్ధంలో కూడా నాకు సాటిలేరని చెప్పుకుంటాడు. రాజు ఏం చేశాడు? ‘ఇంత పొగరేంటి’ అనలేదు. వంటశాల మొత్తం అప్పజెప్పాడు. ఈ రోజుకీ వంట బాగుంటే నలభీమపాకం అంటాం. ఇద్దరూ మగవాళ్లే.

ఆడవాళ్లని మనం తలుచుకోలేదని కాదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు వచ్చినవాళ్లకి లేదనకుండా అన్నం పెట్టారు. వందేళ్లు దాటినా తలుచుకుంటున్నాం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. చాలా సంతోషం. ఆమెకి చేతులెత్తి మొక్కుతాను. అయితే ఒకటి గమనించండి. అన్నం పెట్టే తల్లిని ఎలా గౌరవించాలో మనకి బాగా తెలుసు. ‘ఈ పోటీలో నేనే బాగా వండాను’ అనే ఆడదాన్ని ఎలా గౌరవించాలో ఇంకా నేర్చుకోవాలి.

ఆ నేర్చుకోవడం మనకి చేతనవుతుందనడానికి మస్తానమ్మ గారే ఉదాహరణ. గుంటూరు జిల్లా గుడివాడ అనే ఊళ్లో పొలం గట్టు మీద కట్టెల పొయ్యి పెట్టి, పుచ్చకాయలో చికెన్ వండిన అవ్వ. యూట్యూబ్‌లో ప్రపంచమంతా చూసింది. 2018లో నూరేళ్లు దాటిన వయసులో పోయారు. ఆమె మాటలో తగ్గడం ఎక్కడైనా చూశారా? కూరలో ఎంత కారం వేయాలో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. టమాటా తొక్క గోటితో ఒలిచేది, అల్లం పొట్టు గోటితో గీకేది. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అన్న బెరుకే లేదు. ఆ నిబ్బరాన్ని మనమంతా ముద్దుచేశాం. నా ప్రశ్న ఒక్కటే. నూరేళ్ల అవ్వలో ముద్దొచ్చిన నిబ్బరం ముప్పై ఏళ్ల షెఫ్‌లో ఎందుకు కంటగింపు అవుతుంది?

మగవాళ్లకి ఈ బాధ అస్సలు లేదని కూడా నేను అనను. టాప్ షెఫ్ రెండో సీజన్లో మార్సెల్ విగ్నెరాన్ అనే కుర్రాడు ఉన్నాడు. తెలివైనవాడు, నోటి దురుసు ఉన్నవాడు, ఎవరికీ నచ్చలేదు. ఒక రాత్రి తోటి పోటీదారులు అతని తల గొరిగిద్దామని ఆట మొదలుపెట్టారు. ఒకతను మార్సెల్‌ని బలవంతంగా కింద అదిమి పట్టుకున్నాడు. ఆ పట్టుకున్నవాణ్ణి షో నుంచి తీసేశారు. చూడటానికే భయమేసిన ఎపిసోడ్ అది. మాట నచ్చకపోతే మనిషి మీద చేయి వేయొచ్చనుకునేదాకా వెళ్లింది వ్యవహారం.

ఇక మాట్లాడకుండా ఉంటే ఏమవుతుందో కూడా ఆ షోలోనే చూశాం. పదో సీజన్, 2012 చివర మొదలైంది. క్రిస్టెన్ కిష్ అని దక్షిణ కొరియాలో పుట్టి, అమెరికాలో దత్తత కుటుంబంలో పెరిగిన షెఫ్. చాలా నెమ్మదైన మనిషి. రెస్టారెంట్ వార్స్ అని ఒక ఛాలెంజ్ ఉంటుంది, రెండు టీములు చెరొక రెస్టారెంట్ పెట్టి ఒకే రాత్రి సర్వీస్ ఇవ్వాలి. క్రిస్టెన్ ఒక టీముకి ఎగ్జిక్యూటివ్ షెఫ్. టీములో ఒకామె చేయాల్సిన చేపల సూప్ పని టైముకి జరగలేదు. జడ్జీల ముందు క్రిస్టెన్ ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు. బాధ్యత నాదే అని ఊరుకుంది. ఆ రాత్రి ఇంటికి వెళ్లింది క్రిస్టెనే. అదృష్టం కొద్దీ ‘లాస్ట్ ఛాన్స్ కిచెన్’ అనే పక్క పోటీ ఉంది. ఎలిమినేట్ అయినవాళ్లు అందులో వరసగా గెలిస్తే మళ్లీ లోపలికి రావచ్చు. ఆమె అలాగే వచ్చి సీజన్ గెలిచింది. 2024లో పద్మా లక్ష్మి కుర్చీలో హోస్ట్‌గా కూర్చున్నది కూడా ఆమే. క్రిస్టెన్ అంటే నాకు చాలా ఇష్టం. కానీ ఆ రాత్రి నేను టీవీ ముందు కూర్చుని ‘చెప్పమ్మా, నోరు తెరువు’ అని అరిచాను.

మాట్లాడితే విలన్, మాట్లాడకపోతే ఇంటికి. ఆడవాళ్లకి ఈ రెండిటి మధ్య ఉన్న సందు ఎంత సన్నగా ఉందో చూడండి. మొదటి 10 సీజన్లలో టాప్ షెఫ్ గెలిచిన ఆడవాళ్లు ఇద్దరే: 2008లో స్టెఫనీ ఇజార్డ్, తర్వాత క్రిస్టెన్.

ఇప్పుడు టిఫనీ ఓడిపోయిన ఫైనల్. లాస్ వేగస్‌లో జరిగింది. ఎదురుగా హెరాల్డ్ డీటర్లే. మాట తక్కువ, పని నిదానం, చేయి శుభ్రం. ఇద్దరూ ఐదు కోర్సుల భోజనం, అంటే ఐదు విడతలుగా వడ్డించేది, వండాలి. ముందే ఎలిమినేట్ అయిపోయిన పోటీదారులే వాళ్లకి సహాయకులు. హెరాల్డ్ ఐదు కోర్సులకి ఐదు వంటలు చేశాడు. టిఫనీ ఏం చేసిందో తెలుసా? ప్రతి కోర్సుకీ ఒకే సరుకుతో రెండేసి వంటలు. అంటే పది. అదే టైము, అవే పొయ్యిలు, అంతే సహాయం.

దీన్ని మీరు షెఫ్‌లుగా ఆలోచించండి. రెండేసి వంటలంటే మీజాంప్లాస్, అంటే వంటకి ముందు అన్నీ తరిగి సిద్ధం చేసుకునే పని, రెట్టింపు. ప్లేటింగ్ రెట్టింపు. ఒక్కో కోర్సు బయటికి వెళ్లేటప్పుడు రెండు ప్లేట్లూ ఒకేసారి వేడిగా ఉండాలి. ఒకటి బ్రహ్మాండంగా వచ్చి రెండోది అంతంతమాత్రంగా వస్తే జడ్జి మనసులో నిలిచేది రెండోదే. అదే జరిగింది. అన్నీ ఒక స్థాయిలో నిలబడలేదు. హెరాల్డ్ గెలిచాడు. న్యాయంగానే గెలిచాడని నేను ఒప్పుకుంటాను. తర్వాత ఏడాది న్యూయార్క్‌లో ‘పెరిల్లా’ అని సొంత రెస్టారెంట్ పెట్టాడు. ఆయన మీద నాకు ఒక్క మాట కూడా చెడ్డగా చెప్పడానికి లేదు.

కానీ ఆ పది ప్లేట్ల మీద నాకు గౌరవం ఉంది. ఐదు చేస్తే చాలు అని ఆమెకి తెలియదా? తెలుసు. నా చేతిలో ఉన్నదంతా ఇవాళే చూపిస్తాను అనుకుంది. అది లెక్క తప్పిన ధైర్యం. మెనూ రాసేటప్పుడు తగ్గించుకోవడం నేర్పడం సులభం, మేము మీకు నేర్పేది అదే. ఆ ధైర్యాన్ని మాత్రం ఏ క్లాసులోనూ నేర్పలేం. ఓడిపోయిన రాత్రి ఆమె మీద నాకు ఇష్టం ఇంకా పెరిగింది.

ఆ తర్వాత ఆమె జీవితం సాఫీగా ఏం సాగలేదు. 2010 చివర్లో మొదలైన ‘ఆల్ స్టార్స్’ సీజన్‌కి పిలిచారు, మధ్యలోనే వెనక్కి వెళ్లింది. అది రిచర్డ్ బ్లేస్ గెలిచాడు. ఆయన కూడా నాలుగో సీజన్ ఫైనల్లో ఓడినవాడే. 2011లో టిఫనీ బాస్టన్‌లో, ఫెన్‌వే బేస్‌బాల్ స్టేడియం ఉన్న పేటలో, ‘స్వీట్ చీక్స్’ అని బార్బెక్యూ హోటల్ పెట్టింది. అక్కడ మాంసం ఎంత పేరో బిస్కెట్లూ అంత పేరు. మనం చాయ్‌లో ముంచే బిస్కెట్లు కావు. మజ్జిగ, వెన్న వేసి ఓవెన్‌లో పొంగించే మెత్తటి రొట్టెముక్కలు, తేనె కలిపిన వెన్నతో ఇస్తారు. బాస్టన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు పిల్లలు ఎవరైనా మీ బంధువుల్లో ఉంటే అడగండి. 2015లో ‘టైగర్ మామా’ పెట్టింది, ఆగ్నేయాసియా వంటలు. కోవిడ్ దెబ్బ తర్వాత 2021లో అది మూతపడింది. ఇంతలో టీవీలో ‘చాప్డ్’ అనే పోటీకి జడ్జిగా కూర్చోవడం మొదలుపెట్టింది. చిత్రం చూడండి, పోటీదారుగా విలన్ చేసిన ఆ నోరే జడ్జి కుర్చీలో ఆమెకి గౌరవం తెచ్చింది. లోపం ఎక్కడుందో సూటిగా చెప్తుంది కదా, పోటీదారులకి అదే కావాలి.

ఇక నేను ఎదురుచూసిన రోజు 2022లో వచ్చింది. ఫుడ్ నెట్‌వర్క్ ఛానల్లో గై ఫియెరీ నడిపే ‘టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్’. అందులో ఇద్దరిద్దరు షెఫ్‌లు తలపడతారు, ఓడినవాళ్లు బయటికి. ర్యాండమైజర్ అని ఒక పెద్ద యంత్రం ఉంటుంది. అది తిరిగి ఆగితే అయిదు సంగతులు తేలతాయి: ఏ మాంసం లేదా చేప, ఏ కూరగాయ, ఏ పరికరం, ఏ తీరు వంట, ఎంత టైము. ముందుగా సిద్ధపడటానికి ఏమీ ఉండదు. మార్కులు వందకి. రుచికి 50, ర్యాండమైజర్ ఇచ్చినవాటిని ఎంత బాగా వాడారన్నదానికి 30, ప్లేటింగ్‌కి 20.

అసలు సంగతి ఇదీ. జడ్జీలు వంట జరుగుతుండగా చూడరు. ఏ ప్లేటు ఎవరిదో వాళ్లకి తెలియదు. ప్లేటు వస్తుంది, దాని గురించి షోలో పనిచేసే వేరే నిపుణులు వివరిస్తారు. షెఫ్ ముందుకి రారు. మాట తీరు వినపడదు, ముఖం కనపడదు, పాత షోల కథ గుర్తురాదు. తింటారు, మార్కులు వేస్తారు. ఆ మూడో సీజన్ ఫైనల్లో టిఫనీకి ఎదురుగా నిలబడింది బ్రూక్ విలియమ్సన్. బ్రూక్ అంటే మామూలు షెఫ్ కాదు, టాప్ షెఫ్ 14వ సీజన్ విజేత, ఈ టోర్నమెంట్ మొదటి ఛాంపియన్. టిఫనీ ఆమె మీద గెలిచింది.

ఆ ఎపిసోడ్ చూస్తూ నేను ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేం లేదు. పదహారేళ్లు. లాస్ వేగస్ నుంచి ఇక్కడిదాకా.

ఆ టోర్నమెంట్ గురించి ఇంకొక్క సంగతి చెప్తాను, రాసుకోండి. 2020 నుంచి 2025 దాకా ఆరు సీజన్లు జరిగాయి. వరసగా విజేతలు: బ్రూక్ విలియమ్సన్, మనీత్ చౌహాన్, టిఫనీ ఫైసన్, మే లిన్, మళ్లీ మనీత్ చౌహాన్, ఆంటోనియా లొఫాసో. అందరూ ఆడవాళ్లే. పోటీలో మగ షెఫ్‌లు లేక కాదు, ఉద్దండులు ఉన్నారు. రెండుసార్లు గెలిచిన మనీత్ లుధియానాలో పుట్టి రాంచీలో పెరిగిన అమ్మాయి, మన మసాలాలతోనే గెలిచింది. ఆరు ఫలితాలు పట్టుకుని నేను సిద్ధాంతం కట్టను. కానీ ప్లేటు వెనక మనిషి కనపడనప్పుడు ఇలా జరిగిందన్నది మీ ముందు పెడుతున్నాను. ఆలోచించండి.

అదే 2022లో ఇక్కడ మన బిగ్ బాస్ ఓటీటీ సీజన్లో బిందుమాధవి గెలిచింది, తెలుగు బిగ్ బాస్‌లో గెలిచిన మొదటి ఆడమనిషి. ఆమెదీ తగ్గి మాట్లాడే నోరు కాదు. అది జనం ఓట్ల పోటీ, వంటకీ దానికీ సంబంధం లేదు. అయినా రెండూ ఒకే ఏడాది కావడం నాకు సంతోషం. మన భాషలో వంటల పోటీలు కూడా వచ్చాయి. 2021లో జెమినీలో తమన్నా హోస్ట్‌గా మాస్టర్ షెఫ్ మొదలైంది, 2024లో సోనీ లివ్‌లో వచ్చింది. ఈసారి చూసేటప్పుడు ఒక పని చేయండి. ఎవరైనా అమ్మాయి ‘ఇది నేను బాగా చేశాను’ అంటే, మీ పక్కన కూర్చున్నవాళ్లు ‘అబ్బో’ అనకముందే ఆమె ప్లేటు వైపు చూడండి. ఆ సాస్ మెరుస్తోందా, మాంసం ముక్క కోసిన చోట రంగు సరిగ్గా ఉందా చూడండి. చేసిందో లేదో అక్కడ తెలుస్తుంది.

ప్రశ్నలకి టైముంది అంటున్నారు. అడగండి.

(ఒక విద్యార్థి: ‘మేడమ్, ఎంత ప్రతిభ ఉన్నా తోటివాళ్లతో దురుసుగా ఉంటే టీమ్ నడవదు కదా? అలాంటివాళ్లని సపోర్ట్ చేయడం కరెక్టేనా?’)

మంచి ప్రశ్న, బాబూ. తోటివాళ్లని అవమానిస్తే నేను సమర్థించను. జూనియర్ని అందరి ముందూ బూతులు తిట్టే షెఫ్‌ని నా కిచెన్‌లో ఉంచను, ఆడైనా మగైనా. టిఫనీ కూడా ఆ మొదటి సీజన్లో కొన్నిచోట్ల మాట తగ్గించి ఉంటే బాగుండేది. కానీ మనిషిని అవమానించడం వేరు, వంటలో తప్పు చెప్పడం వేరు. ‘నువ్వు పనికిరావు’ అనడం మొదటిది. ‘ఈ సాస్ విరిగిపోయింది, మళ్లీ చెయ్యి’ అనడం రెండోది. రెండోదాన్ని బ్రిటిష్ టీవీ షెఫ్ గోర్డన్ రామ్సే అంటే, అదీ అరిచి అంటే, మనం యూట్యూబ్‌లో క్లిప్పులు కట్ చేసుకుని చూస్తాం, పని మీద ప్రేమ అంటాం. అదే కొలత అమ్మాయికీ వర్తింపజేయమంటున్నాను.

(ఒక విద్యార్థిని: ‘మేడమ్, మా ఇంట్లో నేను నా వంట గురించి గొప్పగా చెప్తే అమ్మమ్మ కోప్పడుతుంది. దిష్టి తగులుతుంది అంటుంది.’)

(నవ్వు) మీ అమ్మమ్మ గారిని ఏమీ అనకండి. ఆవిడ నీ మీద ప్రేమతో అంటున్నారు. ఒక పని చెయ్యి. గొప్ప అనకుండా వివరం చెప్పు. ‘పులుసు బాగా కుదిరింది’ అనే బదులు ‘బెల్లం ఆఖర్లో వేశాను, అందుకే పులుపు చావలేదు’ అను. పక్కనున్నవాళ్లకి ఏం చేశావో అర్థమవుతుంది. దానికి అమ్మమ్మ గారు కూడా అడ్డు చెప్పరు, తిరిగి తన పద్ధతి చెప్తారు. అది రాసి పెట్టుకో.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను, ఇది వచ్చే నెల మీ బ్యాచ్‌ల మధ్య జరిగే కుకింగ్ పోటీ గురించి. ప్రిన్సిపల్ గారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఈసారి జడ్జీలు ట్రైనింగ్ రెస్టారెంట్‌లో కూర్చుంటారు, కిచెన్ వైపు తలుపు మూసి ఉంటుంది. ప్లేట్ల మీద పేర్లుండవు, నంబర్లు మాత్రమే. నంబరు చీటీ ప్లేటు అడుగున అంటించాలి, పైన కాదు. ప్లేట్లు తీసుకెళ్లేది మొదటి సంవత్సరం సర్వీస్ బ్యాచ్, పోటీలో ఉన్నవాళ్లు ఎవరూ పాస్ దాటి రాకూడదు. ప్రతి టీమూ తన వంట గురించి ఒక చిన్న కాగితం రాసివ్వాలి, దాన్ని నేను చదువుతాను. మార్కులు మూసిన కవర్లో వస్తాయి. పేర్లు తెలిసేది కవర్లన్నీ నా చేతికి వచ్చాకే. టీముల పేర్లు శుక్రవారం లోపల ఆఫీసులో ఇవ్వండి. తందూర్ సెక్షన్ కావాలనుకునే అమ్మాయిలు కాగితం మీద ఆ మాట ముందే రాయండి, ఆ సెక్షన్ కోసం ఇద్దరికి సరిపడా చోటు వదిలిపెట్టి ఉంచాను.